వకీలు కార్యాలయమున మున్షీ విద్య
(గోలేటి వార్షిక మహాసభయందలి ఉపన్యాసపాఠము)



బడిలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రమించిన మేము న్యాయశాస్త్ర విషయమున నోరు విప్పుట కొందఱికి వింతగా తోఁపవచ్చును. మన పిల్లలలో న్యాయవిద్య చదువువారు ఏటేట హెచ్చుచున్నారు. నల్లకోటు తొడిగి వాదించుటయే వృత్తియని వారందఱు తలఁచుచున్నారు. ఆ కార్యాలయములోనే మఱియొక కొలువు గలదు. తీర్పులను, దస్తావేజులను, పూర్వము చేసిన వాదములను కూర్చి, వర్గీకరించి, అడిగిన వేళకు అందించు కొలువు అది. దానిని గూర్చియే మేము మాటలాడఁదలఁచితిమి.

మన ప్రాంతమున ఆ పనిని పూర్వము మున్షీ చేసెడివాఁడు. నిజాము కాలమున న్యాయస్థానముల భాష ఉర్దూ. మిసిలు, ఫైసలా, నకలు అను మాటలు ఆనాఁటివే. ఏ దావా ఏ కట్టలో నున్నదో, ఏ వాయిదా ఎన్నఁడో మున్షీకి కంఠస్థము. ఆ విద్య కాగిత మెక్కలేదు. అతఁడు లేనినాఁడు వకీలుకు చేతులు కట్టివేసినట్లే.

మా బావగారి సంగతి యొకటి చెప్పక తప్పదు. బొగ్గుగని కొఱకు ఆయన పొలమును 1894 నాఁటి భూసేకరణ చట్టము క్రింద తీసికొనిరి. ఇచ్చిన పరిహారము చాలదని నిరసనతోనే పుచ్చుకొనిరి గాని, ఆయన కోర్టుకు పోలేదు. ప్రక్క పొలము రైతు పోయెను, ధర పెంచుకొనెను. ఆ చట్టమునకు 1984లో చేర్చిన 28-ఏ సెక్షను ప్రకారము, అదే ప్రకటన క్రింద భూమి పోయినవారు తాము కోర్టుకు పోకున్నను, తీర్పు వచ్చిన 3 నెలలలోపల కలెక్టరునకు దరఖాస్తు పెట్టుకొని ఆ ధరను కోరవచ్చును. ప్రక్క పొలము దావాను నడిపినవారు మా బావగారి వకీలే! తీర్పు నకలు ఆ కార్యాలయములోనే యుండెను. పాత మున్షీ అప్పటికే విరమించెను. క్రొత్తవాఁడు ఆ కాగితమును కట్టలో త్రోసెను. 3 నెలలు గడచెను. ఆ సొమ్ముతో డాబా వేయుదమనుకొనిన మా అక్కగారి యింటిపై నేఁటికిని రేకులే. వకీలుగారిని నిందింప మాకు మనసొప్పదు. వాదన వారు బాగుగనే చేసిరి. ఒక కక్షిదారునకు దొరికినది మఱియొకనికి పనికివచ్చునని చూచువాఁడు అచ్చట లేఁడు, అంతే. 2013 నాఁటి క్రొత్త భూసేకరణ చట్టమునను, 73వ సెక్షనులో, ఈ 3 నెలల గడువు అట్లే యున్నదని భూమి పోవుచున్నవారు గుర్తెఱుంగవలెను.

మహానగరముల న్యాయసంస్థలు ఈ లోటును ముందే కనుగొనినవి. మొదట గ్రంథపాలకుని నియమించిరి. పిమ్మట లండనులోని పెద్ద సంస్థలలో, కోర్టునకు పోక, ముసాయిదాలను పూర్వతీర్పులను చక్కదిద్దుటయే పనిగా వకీళ్లనే నియమించిరి. ఇప్పుడు యంత్రము వచ్చినది. ఆలెన్ అండ్ ఓవరీ అను లండను సంస్థ 2023 ఫిబ్రవరిలో హార్వీ యను కృత్రిమమేధను చేపట్టినట్లు ప్రకటించెను. మన దేశపు పెద్ద సంస్థలును ఆ త్రోవనే పట్టినవి.

అట్లయిన మనుష్యుఁ డేల యని అడుగుదురు. ఆ 2023లోనే న్యూయార్కున ఇద్దఱు వకీళ్లు చాట్‌జీపీటీ చెప్పిన తీర్పులను సరిచూడక కోర్టులో దాఖలు చేసిరి. ఆ తీర్పులు ఏ కోర్టును ఇచ్చినవి కావు! న్యాయమూర్తి వారికిని వారి సంస్థకును కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించెను.

పుస్తకములు కొనలేమను సాకు కూడ నేఁడు చెల్లదు. సుప్రీంకోర్టు 2023 జనవరి 2 నుండి తన తీర్పులను ఈ-ఎస్సీఆర్ అను పేర ఉచితముగ చూపుచున్నది. కష్టమంతయు కూర్పులోనే. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలునకు వచ్చెను. హత్యకు 302 పోయి 103, మోసమునకు 420 పోయి 318 వచ్చెను. అంతకు ముందరి నేరములకు మాత్రము పాత అంకెలే. భూముల లెక్కలకు 2020లో ధరణి, 2025లో భూభారతి. ఈ పాతక్రొత్తలను జతపఱచి యుంచువాఁడు లేనిచో వకీలు తడఁబడును, కక్షిదారుఁడు మునుఁగును.

ఇది చిన్న పని యనువారికి ఒక మాట. కాత్యాయనుఁడు ఋగ్వేదమునకు సర్వానుక్రమణిని కూర్చెను. ప్రతి సూక్తమునకు మొదటి పదము, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు. ఒక్క ఋక్కునైనను తాను దర్శింపలేదు. అయినను ఆయన పేరు నేఁటికిని నిలిచియున్నది.

పోషకులను మేము కోరునది స్వల్పము. న్యాయవిద్యార్థులకిచ్చు వేతనములలో రెంటిని ఈ విద్య నేర్వఁగోరువారికి కేటాయింపుఁడు. సంఘపు వసతిగృహమున ఒక గది యిండు. మనవారి దస్తావేజులు, పహాణీలు, పరిహారపు తీర్పులు, వానికి నకళ్లు తీయించి, గ్రామము, సర్వే నంబరు, ప్రకటన తేదీ వరుసను పట్టిక వ్రాయింపుఁడు. యజమాని యనుమతి లేక ఏ కాగితమును ఇతరులకు చూపరాదను నియమమును పెట్టుఁడు. మా బావగారి కాగితముల కట్టలు 4 మా యొద్దనే యున్నవి. వారి యనుమతితో వానిని నేఁడే వెంటఁ దెచ్చితిమి. కార్యదర్శిగారు రసీదు వ్రాసి పుచ్చుకొందురు గాక.