మన కుమార్తె ఎవరి సహవాసములో చేరుచున్నది?

(రేడియో ప్రసంగ పాఠము)
ధ్యాన వాక్యభాగము: దానియేలు గ్రంథము 1వ అధ్యాయము, 8 నుండి 17 వచనములు

 

గత నెలలో గుడివాడ దగ్గరి పల్లె నుండి ఒక అమ్మమ్మగారు మాకు ఉత్తరము వ్రాశారు. వారి కూతురు, అల్లుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రములో ఉంటారు. మనుమరాలు అక్కడే పుట్టి పెరిగి ఈ మధ్యనే కాలేజీలో చేరింది. ఆ అమ్మగారు ఇలా వ్రాశారు: "అయ్యగారూ, మా మనుమరాలు సోరోరిటీ అనే దానిలో చేరుతానంటున్నదట. అల్లుడు వద్దన్నాడు. కూతురు ఏడుస్తున్నది. పిల్ల ఫోను ఎత్తడం మానేసింది. అది క్లబ్బా, సంఘమా, వేరే మతమా? మేము ఏమని ప్రార్థన చేయాలి?"

ఈ ఉత్తరము చదివి నేను చాలాసేపు మౌనముగా కూర్చుండిపోయాను. ఎందుకో తరువాత చెబుతాను. మొదట ఆ అమ్మగారి ప్రశ్నకు జవాబు చెప్పాలి. తెలియని దాని గురించి ప్రార్థన చేయవచ్చును గాని, తెలిసికొని చేస్తే ఇంకా మంచిది కదా!

ప్రియులారా, సోరోరిటీ అనేది వేరే మతము కాదు. లాటిన్ భాషలో 'సొరోర్' అంటే సహోదరి. అమెరికా కాలేజీలలో ఆడపిల్లలు కలిసి ఏర్పరచుకొన్న సహోదరీ సంఘము అది. మగపిల్లలకు కూడ ఇలాంటివే ఉన్నాయి, వాటిని ఫ్రెటర్నిటీలు అంటారు. వీటికి రెండు మూడు గ్రీకు అక్షరములతో పేర్లు పెట్టుకొంటారు. గ్రీకు అక్షరములు అనగానే అన్యదేవతల సంగతి అనుకొని భయపడకండి. మన క్రొత్త నిబంధన మొదట వ్రాయబడినది ఆ అక్షరములలోనే. ప్రకటన గ్రంథములో మనము చదివే అల్ఫా, ఓమెగ ఆ అక్షరములే.

ఇవి ఎందుకు పుట్టాయి? 1867లో ఇల్లినాయి రాష్ట్రములో మన్‌మౌత్ కాలేజీలో కొందరు విద్యార్థినులు ఇలాంటి సంఘము ఒకటి మొదలుపెట్టారు. 1870లో ఇండియానా రాష్ట్రములో మరొకటి పుట్టింది. అంతవరకు మగపిల్లలే చదివిన కాలేజీలలో ఆడపిల్లలకు అప్పుడప్పుడే చోటు దొరుకుతున్న దినములవి. తరగతిలో నలుగురు, అయిదుగురు ఆడపిల్లలు. పలకరించేవారు లేరు. అందుకని వారు ఒకరికొకరు తోడుగా నిలిచారు. 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయములో నల్లజాతి విద్యార్థినులు తమ సొంత సోరోరిటీ స్థాపించుకొన్నారు. 2021 నుండి 2025 వరకు అమెరికా ఉపాధ్యక్షురాలుగా ఉన్న కమలా హారిస్ గారు తన చదువు దినములలో అందులోనే చేరారు. 1998లో టెక్సాస్‌లోనే, హ్యూస్టన్‌లోను, ఆస్టిన్‌లోను, మన భారతదేశము వైపు నుండి వెళ్లిన కుటుంబాల ఆడపిల్లలు ఇలాంటివి ప్రారంభించారు. కాబట్టి అమ్మగారూ, మీ మనుమరాలు వెదకుచున్నది అక్కచెల్లెళ్ల తోడు. ఆ ఆశ పాపము కాదు. నరుడు ఒంటరిగా ఉండుట మంచిది కాదని మొదట పలికినది దేవుడే.

అయితే తల్లిదండ్రులు తెలిసికోవలసిన సంగతులు ఇంకా ఉన్నాయి. అవి ప్రశ్నల రూపములో చెబుతాను. బిడ్డతో కూర్చుని, కోపము లేకుండ, ఒక్కొక్కటి అడగండి.

మొదటి ప్రశ్న: అక్కడ ఏమని ప్రమాణము చేయమంటారు? చాలా సోరోరిటీలలో చేరే దినమున రహస్యమైన విధులు ఉంటాయి. బయట చెప్పకూడదని మాట తీసికొంటారు. మన ప్రభువు కొండమీది ప్రసంగములో ఒట్టు పెట్టుకొనవద్దని, మన అవును అవునుగాను, మన కాదు కాదుగాను ఉండాలని బోధించాడు. యెఫ్తా తొందరపడి మ్రొక్కుకొని తన కుమార్తెనే పోగొట్టుకొన్న సంగతి న్యాయాధిపతుల గ్రంథములో చదువుతాము. కాబట్టి బిడ్డతో చెప్పండి: "అమ్మా, ఏ మాట ఇవ్వబోతున్నావో ముందు తెలిసికో. దేవుని ఎదుట పలుకలేని మాట ఎవరి ఎదుటా పలుకవద్దు."

రెండవ ప్రశ్న: ఖర్చు ఎంత? సెమిస్టరుకు వందల డాలర్ల చందా ఉంటుంది. వారి ఇంటిలోనే ఉండి భోజనము చేస్తే వేలల్లోకి వెళ్తుంది. బట్టలు, వేడుకలు వేరు. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొంటాడని ప్రభువు చెప్పిన మాట ఇక్కడ కూడ వర్తిస్తుంది.

మూడవ ప్రశ్న: విందులు ఎక్కడ జరుగుతాయి? పేరున్న పెద్ద సోరోరిటీలు తమ ఇండ్లలో మద్యమును అనుమతించవు. అయితే విందులు మగపిల్లల ఫ్రెటర్నిటీ ఇండ్లలో జరుగుతాయి. ఆ దేశములో 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మడము నేరము. కాలేజీలో చేరే పిల్లలకు 18 ఏండ్లే. రాత్రి ఎవరితో వెళ్తావు, ఎవరితో తిరిగి వస్తావు అని అడగడము అనుమానము కాదు, అది ప్రేమ.

నాలుగవ ప్రశ్న: క్రొత్తగా చేరినవారిచేత ఏమేమి చేయిస్తారు? వాళ్లు దీనిని హేజింగు అంటారు. మన భాషలో చెప్పాలంటే ర్యాగింగు. 2017 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా రాష్ట్రములో 19 ఏండ్ల కుర్రవాడు ఫ్రెటర్నిటీలో చేరే రాత్రి బలవంతముగా త్రాగించబడి, మెట్ల మీద పడి, గంటల తరబడి వైద్యము లేక చనిపోయాడు. చుట్టూ ఉన్నవారు అతడిని 'సహోదరుడా' అని పిలిచినవారే! 2024 డిసెంబరులో ఆ దేశములో క్రొత్త చట్టము వచ్చింది. ఏ సంఘము ఇలాంటి తప్పు చేసి పట్టుబడినదో కాలేజీలు బహిరంగముగా ప్రకటించాలి. అల్లుడుగారు ఆ కాలేజీ వెబ్‌సైటులో చూచి తెలిసికోవచ్చును.

అయిదవ ప్రశ్న: అక్కడ ఎవరిని చేర్చుకోరు? కోరినవారందరికీ సోరోరిటీలో చోటు దొరకదు. వాళ్లు ఎన్నుకొంటారు. అలబామా విశ్వవిద్యాలయములో తెల్లవారి సోరోరిటీలు నల్లజాతి పిల్లలను కాదంటున్న సంగతి 2013లో విద్యార్థుల పత్రికే బయటపెట్టింది. ఆ తరువాతనే తలుపులు తెరుచుకొన్నాయి. బంగారు ఉంగరము వేసికొన్నవానికి మంచి స్థలము, మురికిబట్టలవానికి పాదపీఠము దగ్గర చోటు ఇచ్చేవారిని యాకోబు పత్రిక ఎలా గద్దించినదో మనకు తెలుసు. మీ బిడ్డను ఎన్నుకోకపోతే ఆమె కుమిలిపోకుండ మీరు తోడుండాలి. ఎన్నుకొంటే, బయట నిలిచిపోయిన పిల్లను ఆమె మరచిపోకుండ మీరు నేర్పాలి.

ఇంతవరకు విని, "మాకు అమెరికాలో ఎవరూ లేరు, ఈ ప్రసంగము మాకు కాదు" అని ఎవరైనా అనుకొంటున్నారా? ఆగండి. కృష్ణానది ఇవతలకు వద్దాము.

మన హాస్టళ్లలో గ్రీకు అక్షరములు ఉండవు. కాని సీనియర్ల గుంపులు ఉన్నాయి. ఊరి గుంపులు, కులపు గుంపులు ఉన్నాయి. పక్క మంచము మీది పిల్ల ఇంటిపేరు అడిగి, ఆ తరువాత స్నేహము చేయాలో వద్దో నిర్ణయించుకొనేవారు ఉన్నారు. సంఘస్థులమైన మన పిల్లలు కూడ అందులో ఉన్నారు. అలబామాను వేలెత్తి చూపే హక్కు మనకు లేదు.

2015 జులైలో విజయవాడకు, గుంటూరుకు మధ్యనున్న నాగార్జున విశ్వవిద్యాలయములో ఆర్కిటెక్చరు మొదటి సంవత్సరము చదువుచున్న ఒక బిడ్డ హాస్టలు గదిలో ప్రాణము తీసికొన్నది. సీనియర్లు పెట్టిన వేదన గురించి వ్రాసిపెట్టి పోయింది. ఆ వార్త చదివి ఈ డెల్టాలో ఏడవని తల్లి లేదు. చట్టము లేక కాదు. మన రాష్ట్రములో 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టము వచ్చింది. అవమానించినా ఆరు నెలల వరకు జైలు. ర్యాగింగు ప్రాణము తీసేవరకు వెళ్తే యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చును. 2009 నుండి యు.జి.సి. నిబంధనల ప్రకారము కాలేజీలో చేరేటప్పుడు విద్యార్థితోపాటు తల్లి గాని తండ్రి గాని ర్యాగింగుపై ప్రమాణపత్రము ఇవ్వాలి. మీలో చాలామంది దాని మీద సంతకము పెట్టి ఉంటారు. ఎంతమంది చదివారు? 1800-180-5522 అనే నంబరుకు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేయవచ్చును. దయచేసి వ్రాసికొనండి, బిడ్డచేత కూడ వ్రాయించండి.

ఇప్పుడు నేను మౌనముగా ఎందుకు కూర్చుండిపోయానో చెబుతాను.

చాలా ఏండ్ల క్రితము మా పెద్దమ్మాయిని ఒక కాలేజీ హాస్టలులో చేర్చాము. సెల్‌ఫోనులు ఇంత లేని రోజులు. కాయిన్ బాక్సు నుండి ఫోను చేసేది. రెండవ వారములో ఏడుస్తూ, "నాన్నా, ఇంటికి వచ్చేస్తాను" అన్నది. నేను ఏమన్నానో తెలుసా? "అందరు పిల్లలూ సర్దుకొంటున్నారు, నువ్వూ సర్దుకో. ప్రార్థన చేసుకో" అన్నాను. ఆ సాయంత్రము నాకు కూటము ఉన్నది. తొందరలో ఉన్నాను. మూడవ వారములో మళ్లీ చేసింది. అదే మాట చెప్పాను. ఆ తరువాత ఏడవడము మానేసింది. సర్దుకొన్నదని సంతోషించాను.

నెల తిరిగాక మా ఇంటావిడ ఆవకాయ జాడీ, కజ్జికాయలు పట్టుకొని వెళ్లింది. పిల్ల చిక్కి సగమైపోయింది. చేతులు సబ్బుకు పగిలిపోయి ఉన్నాయి. సీనియర్ల బట్టలన్నీ ఉతికించేవారట. రాత్రుళ్లు ఒంటికాలి మీద నిలబెట్టేవారట. పాస్టరుగారి అమ్మాయివి కదా, ప్రసంగము చెప్పు అని నవ్వేవారట. ఆ నెలలో నా బిడ్డను కాపాడినది నేను కాదు. మూడవ సంవత్సరము చదివే ఒక అమ్మాయి తన గదిలోనికి పిలిచి, తన కంచములో అన్నము పెట్టి, "నా పక్కనే పడుకో, ఎవరొస్తారో చూస్తాను" అన్నదట. ఆ అమ్మాయి మన సంఘముల పిల్ల కూడ కాదు.

మా అమ్మాయికి పెండ్లయి, తనకూ ఒక పాప పుట్టిన తరువాత ఒకనాడు నాతో అన్నది: "నాన్నా, ఆ రోజు నువ్వు ప్రార్థన చేసుకోమన్నావు. ఏం జరిగిందమ్మా అని మాత్రం అడగలేదు." ప్రియులారా, ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. క్షమించమని అడిగాను.

ఆదికాండము 34వ అధ్యాయములో దీనా కథ ఉన్నది. దేశపు కుమార్తెలను చూడ వెళ్లినది అని ఆ బిడ్డనే తప్పుపట్టి ప్రసంగాలు చేసినవారము మనమే. స్నేహితురాండ్రను చూడబోవడము నేరమా? అయిదవ వచనము మళ్లీ చదవండి. బిడ్డకు జరిగిన అన్యాయము విన్న తండ్రి ఊరకున్నాడు. ఆ అధ్యాయమంతటిలో ఆమెను పిలిచి ఒక్క మాట అడిగినవారు కనబడరు. అన్నలు కోపముతో కత్తి పట్టారు, ఊరు రక్తసిక్తమైంది. ఆమె కన్నీరు తుడిచినవారు మాత్రము లేరు.

ఇక దానియేలును చూడండి. అతడును, ముగ్గురు స్నేహితులును పరాయి దేశములో మూడు సంవత్సరముల చదువుకు పెట్టబడ్డారు. రాజు వారి పేర్లు మార్పించాడు, వారు ఊరకున్నారు. కల్దీయుల విద్య నేర్పించాడు, చక్కగా నేర్చుకొన్నారు. రాజు భోజనము దగ్గర మాత్రము ఆగారు. దేనికి ఒప్పుకోవచ్చునో, దేనికి ఒప్పుకోకూడదో వారికి తెలుసు. అది వారికి ఎక్కడ తెలిసింది? యెరూషలేములో, తమ ఇంటిలో. దానియేలు పోట్లాడలేదు. మర్యాదగా, పది దినములు పరీక్షించి చూడమని అడిగాడు. ప్రాణము మీదికి వచ్చిన రాత్రి ఆ నలుగురూ కలిసి ప్రార్థించారు. నిజమైన సహవాసము అది.

కాబట్టి అమ్మమ్మగారూ, మీ అల్లుడితో చెప్పండి: వద్దు అనే ముందు అడగమనండి. సరే అనే ముందు కూడ అడగమనండి. నేను చెప్పిన ప్రశ్నలకు పిల్ల దగ్గర మంచి జవాబులుంటే ఆమెను నమ్మండి. జవాబులు లేకపోతే, తెలిసికొనేందుకు ఆమెకే సమయమివ్వండి. ఆమె ఏది ఎన్నుకొన్నా ఒక్క మాట మాత్రము రూఢిగా తెలియాలి: "ఏ రాత్రి ఫోను చేసినా ఎత్తుతాము. ఏమి జరిగినా ముందు వింటాము, తిట్టము." ఆ మాట వాట్సాప్‌లో మీ గొంతుతోనే చెప్పి పంపండి. అమ్మమ్మ గొంతు విని ఫోను ఎత్తని పిల్ల ఉండదు.

ఈ రేడియో వినుచున్న చెల్లెండ్రారా, హాస్టలులో మీరు సీనియర్లు అయితే, క్రొత్తగా వచ్చిన పిల్లకు మీ కంచములో ఒక ముద్ద పెట్టండి. ఎవరి బిడ్డను కాపాడుచున్నారో మీకు తెలియదు.

ప్రార్థన చేసికొందాము. పరలోకమందున్న మా తండ్రీ, దూరములో చదువుకొంటున్న మా కుమార్తెలను నీ చేతికి అప్పగించుచున్నాము. వారికి నిన్ను ప్రేమించే స్నేహితురాండ్రను దయచేయుము. మేము అడుగక ఊరకున్న దినములను క్షమించుము. వినే చెవిని మాకిమ్ము. ఆ మనుమరాలికిని ఆమె తండ్రికిని మధ్య మాట మరల కలుపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.