విశాఖలో కూలి: యజమాని బాధ్యత, ప్రభుత్వ కర్తవ్యము
(ప్రసంగ పాఠము)



మన గ్రామములనుండి యువకులు పని నిమిత్తము విశాఖపట్టణమునకు పోవుచున్నారు. బస్సెక్కునాడు చాలమంది వద్ద మేస్త్రీ ఫోను నంబరు తప్ప మరే ఆధారమును ఉండదు. ఆ ఆధారమును గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

విశాఖ రేవు 1933లో ప్రారంభమైనది. ఆ కాలమున రేవు కూలీకి ఓడ వచ్చిననాడు పని, రానినాడు పస్తు. సరకు దిగినంతనే యజమాని సంబంధము తీరిపోయెడిది. ఈ స్థితిని మార్చుటకు 1948లో డాకు కార్మికుల చట్టము వచ్చినది. దాని ననుసరించి 1959లో విశాఖయందు డాక్ లేబర్ బోర్డు ఏర్పడినది. ప్రభుత్వము, యజమానులు, కార్మికులు - మువ్వురి ప్రతినిధులును అందుండిరి. పట్టికలో పేరున్న కార్మికునకు వంతు ప్రకారము పని లభించెను. హాజరైనను పని దొరకనినాడు హాజరు భత్యము లభించెను. ఇందుకు కావలసిన సొమ్ము యజమానులే చెల్లించిరి. 2008లో ఆ బోర్డు పోర్టు ట్రస్టులో విలీనమైనను, అది నేర్పిన పాఠము నిలిచియున్నది: కూలి చెల్లించుట యజమాని వంతు, చెల్లించునట్లు చూచుట ప్రభుత్వపు వంతు.

ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో అది జాతికి అంకితమైనది. అచ్చట శాశ్వతోద్యోగులతోపాటు కంట్రాక్టు కార్మికులును పనిచేయుచున్నారు. కంట్రాక్టరు కూలి ఎగవేసినచో గతి యేమి? పని ఎవరిదో ఆ ప్రధాన యజమానియే కూలి చెల్లించి, పిదప కంట్రాక్టరునుండి రాబట్టుకొనవలెనని 1970 నాటి కంట్రాక్టు కార్మిక చట్టము విధించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన లేబరు కోడులును ఈ సూత్రమును నిలిపినవి. పదిమంది, ఆపైన పనివారున్న సంస్థలో ప్రతివానికిని నియామక పత్ర మీయవలెనని కూడ అవి నిర్దేశించినవి.

అయితే చట్టమున్నంతమాత్రమున కూలి చేతికి రాదు. ఎవరివద్ద, ఎన్నిదినములు పనిచేసెనో రుజువు కావలెను. కనుక మీరు మూడు పనులు చేయుడు. పనికి పోవువాని పేరు, కంట్రాక్టరు పేరు, పనిచోటు పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకములో వ్రాయించుడు. నియామక పత్రము, ప్రావిడెంటు ఫండు నంబరు అడిగి తీసికొమ్మని చెప్పుడు. కూలి అందనిచో ఆలస్యము చేయక అర్జీ పెట్టించుడు: రేవు, ఉక్కు కర్మాగారముల విషయమున విశాఖలోని కేంద్ర కార్మిక శాఖాధికారికి, ఇతర ప్రైవేటు సంస్థల విషయమున సాధారణముగా రాష్ట్ర కార్మిక శాఖకు.

ఆ పుస్తకమునకగు ఖర్చు స్వల్పము. అది లేనిచో ఒక కుటుంబము కోల్పోవునది నెలల కష్టము.