తోటివాడు పోయాక: షిమాన్‌స్కీ దుఃఖం



పోయిన మన మిత్రుడి పేరిట ఈ స్మారకనిధిని ఏర్పాటు చేసింది ఆయన కుటుంబం కాదు. ఆయనతో ఒకే గదిలో కూర్చుని పనిచేసినవాళ్లు తలా కొంత వేసుకుని ఏర్పాటు చేశారు. ఆ సంగతి తెలిశాకే ఇవాళ ఏం మాట్లాడాలో నాకు తేలింది. తోటి ఉద్యోగి పోతే మనిషికి కలిగే దుఃఖం గురించి మాట్లాడతాను. మనం డ్యుస్సెల్‌డోర్ఫ్‌లో ఉన్నాం కనుక ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. పొరుగూరు డ్యూస్‌బుర్గ్ పోలీసు అధికారి ఒకడున్నాడు. పేరు హోర్స్ట్ షిమాన్‌స్కీ. టెలివిజన్ కథలో మనిషే అయినా, రూర్ ప్రాంతంలో అతన్ని సొంత ఊరివాడిలా తలుచుకుంటారు. రూరోర్ట్ పేటలో ఒక సందుకు అతని పేరే పెట్టారు.

మీలో ఈ మధ్య జర్మనీకి వచ్చినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళతాను. జర్మనీలో ఆదివారం రాత్రి 8.15కి టీవీ ముందు కూర్చోవడం ఇంటిల్లిపాదికీ అలవాటు. 1970 నవంబరు 29న మొదలైన ‘టాట్‌ఓర్ట్’ అనే నేరపరిశోధన కథామాలిక ఇప్పటికీ ఆ వేళకే వస్తోంది. ఒక్కో ఊరికి ఒక్కో పోలీసు జట్టు. తొలి పదేళ్ల అధికారులు చాలామటుకు నిదానస్తులు. కోటు గుండీ ఊడనివ్వరు, గొంతు పెంచరు. 1981 జూన్ 28న ‘డ్యూస్‌బుర్గ్-రూరోర్ట్’ అనే కథలో షిమాన్‌స్కీ వచ్చాడు. పొద్దున్నే లేచి గ్లాసులో పచ్చి గుడ్లు కొట్టుకుని గటగటా తాగేశాడు. నలిగిన జాకెట్టు వేసుకున్నాడు, బూతులు తిట్టాడు, చెయ్యి చేసుకున్నాడు, ప్రేమించాడు, ఏడ్చాడు. మా ఊరి పరువు తీస్తున్నారని డ్యూస్‌బుర్గ్‌లోనే గొడవ చేశారు. కొన్నేళ్లకు అదే జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ పాత్ర వేసిన నటుడు గ్యోట్స్ గేయోర్గె.

ఆ బూతులూ ఆ కన్నీళ్లూ అంత సంచలనం ఎందుకయ్యాయో అర్థం కావాలంటే, 1967లో వచ్చిన ఒక పుస్తకం సంగతి చెప్పాలి. అలెగ్జాండర్ మిచర్లిష్, మార్గరేటె మిచర్లిష్ అనే మనోవిశ్లేషకుల జంట రాసింది. యుద్ధం తర్వాత జర్మన్ సమాజం తన గతాన్ని ఎదురుగా నిలబెట్టుకుని దుఃఖించలేకపోయిందనీ, ఆ శక్తినంతా పునర్నిర్మాణంలోకి మళ్లించి పనిలో మునిగిపోయిందనీ వాళ్ల వాదం. ఆ వాదం మొత్తం ఒప్పుకోనక్కర్లేదు. కానీ పనిలో పడి దుఃఖాన్ని దాటెయ్యడం అనే లక్షణం ఈ నేల మీద ఉంది. ఉద్యోగాల కోసం ఇక్కడికొచ్చిన మనలోనూ అది ఉంది. అలాంటి చోట, డ్యూటీలో ఉండగానే అందరి ముందూ కళ్లు తుడుచుకునే అధికారి కనబడితే జనం ఉలిక్కిపడక ఏం చేస్తారు?

షిమాన్‌స్కీ పక్కన ఎప్పుడూ ఇంకొకడు ఉండేవాడు. క్రిస్టియాన్ టానర్. మీసం, టై, ఇస్త్రీ చొక్కా, పద్ధతి, కాగితం. షిమాన్‌స్కీ తలుపు తన్నేరకమైతే టానర్ వారంటు ఉందా అని అడిగేరకం. ఇద్దరూ కొట్టుకోని, తిట్టుకోని రోజు లేదు. పదేళ్లలో 29 కథలు, అందులో రెండు ముందు సినిమాహాళ్లలో ఆడినవి. ఇన్ని కథల్లోనూ వాళ్లు ఒకరినొకరు మెచ్చుకున్న మాటలు వెతుక్కోవాల్సిందే. అయినా ఒకడు లేకపోతే రెండోవాడు ఊరికే రౌడీ అవుతాడని చూసేవాళ్లకు తెలుసు. టానర్ ఉన్నాడనే ధైర్యంతోనే షిమాన్‌స్కీ హద్దు దాటేవాడు. ఆఫీసు స్నేహం అంటే ఇంతే కదా. పక్కవాడి పుట్టినరోజు మనకు గుర్తుండదు. కానీ మనం చేసిన తప్పును రాత్రి పదింటిదాకా కూర్చుని దిద్దింది వాడే.

1991 డిసెంబరు 29న వచ్చిన కథలో షిమాన్‌స్కీ ఉద్యోగం వదిలేశాడు. గ్లైడర్ కట్టుకుని డ్యూస్‌బుర్గ్ మీదుగా ఎగిరిపోయాడు. అక్కడితో ముగిసిందనే అందరూ అనుకున్నారు. తర్వాత మూడేళ్లు కూడా కాలేదు, 1994 అక్టోబరు 18న టానర్ పాత్ర వేసిన నటుడు ఎబర్‌హార్ట్ ఫైక్ గుండె ఆగి చనిపోయాడు. వయసు 50.

ఆ తర్వాత పశ్చిమ జర్మనీ ప్రసార సంస్థ వెడెఎర్ షిమాన్‌స్కీని మళ్లీ తీసుకురావాలనుకుంది. టానర్ లేడు. ఏం చెయ్యాలి? వేరే ఊరికి బదిలీ అయ్యాడనొచ్చు. పదవీ విరమణ చేసి తోటపని చేసుకుంటున్నాడనొచ్చు. మీసం ఉన్న మరో నటుణ్ని పెట్టొచ్చు. ఇవన్నీ టీవీ వాళ్లకు అలవాటైన పనులే. వాళ్లు అవేవీ చెయ్యలేదు. 1997 నవంబరు 9న ‘డీ ష్వాడ్రోన్’ పేరుతో కొత్త వరసలో మొదటి కథ వచ్చింది. అందులో టానర్ హత్యకు గురవుతాడు. బెల్జియంలో వేరే బతుకు బతుకుతున్న షిమాన్‌స్కీ ఆ హత్య కోసం డ్యూస్‌బుర్గ్ తిరిగొస్తాడు.

ఈ నిర్ణయం చాలా గొప్పదని నా అభిప్రాయం. చూసే జనానికి టానర్ లేడన్న సంగతి మూడేళ్ల కిందటే తెలుసు. ఫైక్ చావును పేపర్లో చదివి బాధపడ్డవాళ్లు ఆ బాధను చెప్పుకునే చోటు లేక ఊరుకున్నారు. ఆయన వాళ్లకు బంధువు కాడు, పరిచయస్తుడూ కాడు. షిమాన్‌స్కీ తిరిగొచ్చి టానర్ కోసం తిరిగినప్పుడు, ఆ జనం తరఫున ఒక మనిషి తిరిగినట్టయింది. గేయోర్గె ముఖంలో కనిపించే బాధలో నటన ఎంతో, పదేళ్లు పక్కన నిలబడ్డ సహనటుడు పోయిన నిజం ఎంతో విడదీయలేం. విడదీయాల్సిన అవసరం కూడా నాకు కనిపించదు.

షిమాన్‌స్కీ దుఃఖం ఏ రూపంలో బయటికొచ్చింది? ముందు కోపంగా, తర్వాత పనిగా. టానర్ కోసం అతను కూర్చుని శోకాలు పెట్టడు, చంపినవాళ్లను వెతుకుతాడు. మన సినిమాల్లోనూ ఇదే వరస. హీరో ప్రాణస్నేహితుడు ఇంటర్వెల్‌కు ముందు పోతాడు, ఇంటర్వెల్ తర్వాత హీరో పగ తీర్చుకుంటాడు. కానీ తేడా ఉంది. మన సినిమాల్లో ఆ స్నేహితుడు చాలాసార్లు చావడానికే పుట్టిన పాత్ర. అతనికి వేరే ఇష్టాలుండవు, హీరోతో పేచీ ఉండదు. పదేళ్లు పేచీపడ్డ మనిషి పోవడం వేరు. గెలవాల్సిన వాదన మిగిలిపోతుంది. రేపు ఎవరితో గొడవపడాలో తెలియదు.

ఇదే జర్మనీలో ఇంకో ప్రసిద్ధ జంటను చూడండి. ఆర్‌టీఎల్ చానల్లో 1996లో మొదలైన ‘అలార్మ్ ఫ్యూర్ కోబ్రా 11’ హైవే పోలీసుల కథ. ఇక్కడి టర్కిష్ కుటుంబాల పిల్లలకు అందులోని సెమీర్ గెర్‌ఖాన్ ఎంత దగ్గరివాడో మీకు చెప్పనక్కర్లేదు. 1961లో కుదిరిన కార్మిక ఒప్పందం మీద వచ్చిన టర్కీ కుటుంబాల నుంచి ఒక పోలీసు హీరో రావడం, ఎర్దోఆన్ అతలాయ్ అనే నటుడు ఇన్ని ఏళ్లు ఆ పాత్రను మోయడం చిన్న విషయం కాదు. సెమీర్‌కు తోడుగా వచ్చిన అధికారులు మారుతూనే పోయారు. 2007లో టోమ్ క్రానిష్‌ను చంపారు. అతని స్థానంలో వచ్చిన క్రిస్ రిట్టర్‌నూ 2008లో చంపారు. ప్రతిసారీ సెమీర్ కుమిలిపోతాడు, ఒంటరిగా హంతకుల వెంటపడతాడు. ప్రతిసారీ కొత్తవాడు వస్తాడు. మొదట ఇద్దరికీ పడదు, కథ అయ్యేసరికి పడుతుంది. సెమీర్ ఏడ్చినప్పుడు ఆ ఏడుపు నిజంగానే తగులుతుంది, అతలాయ్ మంచి నటుడు. కానీ వచ్చే గురువారానికి కారు పేలాలి, కొత్త తోడు నవ్వాలి. దుఃఖానికి అక్కడ దొరికింది ఒక్క గంట.

సెమీర్‌ను తప్పుపట్టడానికి ఈ మాట అనలేదు. మన ఆఫీసుల్లో జరిగేది అదే. మహాభారతంలో కర్ణుడు పడిపోయిన రాత్రి గుర్తుచేసుకోండి. దుర్యోధనుడికి అంతకన్న ఆప్తుడు లేడు. అతను విలపించాడు. సంధి చేసుకోమని కృపాచార్యుడు చెబితే, నా కోసం ఇంతమంది పోయాక నేను బతికి ఏం సుఖపడతానని కాదన్నాడు. తెల్లవారేసరికి శల్యుడికి సేనాపతిగా అభిషేకం జరిగిపోయింది. యుద్ధం ఆగలేదు. పని మనిషిని దుఃఖపడనివ్వదన్న సంగతి మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

రక్తసంబంధం ఉంటే మనకో పద్ధతి ఉంది. మైల ఉంది, పదోరోజు ఉంది, దినకర్మ ఉంది. జ్ఞాతికి ఆ పదిరోజులూ మైలే. తోటి ఉద్యోగికి ఏముంది? పూలదండ వేసి, ఓ పక్కగా నిలబడి, ఇంటివాళ్లకు రెండు చేతులూ జోడించి, మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లిపోవాలి. ఆఫీసులో సంతాపసభ పెడితే రెండు నిమిషాల మౌనం. 1989లో కెన్నెత్ డోకా అనే అమెరికన్ పండితుడు ఈ రకం బాధల మీద ఒక పుస్తకం తెచ్చాడు. సమాజం గుర్తించని దుఃఖం అని దానికి పేరు పెట్టాడు. బాధపడే హక్కు నీకెక్కడిదని లోకం అడిగే బాధ అది. స్నేహితులూ సహోద్యోగులూ ఆ జాబితాలోకే వస్తారు.

జర్మనీలో ఈ సంగతి ఒప్పందాల్లోనే స్పష్టంగా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ, పురపాలక ఉద్యోగుల సామూహిక ఒప్పందంలోని 29వ సెక్షను ప్రకారం భార్య, భర్త, బిడ్డ, తల్లి, తండ్రి చనిపోతే జీతంతో రెండు రోజుల సెలవు. తోటి ఉద్యోగి ఆ వరసలో లేడు.

అయితే పనిచేసే చోటే ప్రాణం పక్కవాడి చేతిలో ఉండే వృత్తులున్నాయి. షిమాన్‌స్కీ తిరిగింది ఉక్కు కొలుములూ బొగ్గు గనులూ ఉన్న నేల మీద. రైన్‌హౌజెన్ ఉక్కు కర్మాగారం మూతపడకూడదని 1987-88 చలికాలంలో కార్మికులు రోడ్లూ వంతెనలూ దిగ్బంధించిన ఊరది. ఆఖరి గని ప్రోస్పెర్-హానియెల్‌ను ఈ పక్కనే బోట్రోప్‌లో 2018 డిసెంబరు 21న మూసేశారు. గనిలో దిగినవాడికి పక్కవాడు ఎవరో మన సింగరేణివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2003 జూన్‌లో గోదావరిఖని గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. మర్నాడు అదే ఊళ్లో మిగతా గనుల్లోకి దిగినవాళ్లు ఏ మనసుతో దిగారో ఎవరూ అడగలేదు. డ్యూస్‌బుర్గ్ జనం షిమాన్‌స్కీ టానర్‌ల జంటను అంతగా సొంతం చేసుకోవడానికి ఈ గనులూ కొలుములూ కారణమని నమ్ముతాను.

ఇంకో ఉదాహరణ చెప్పి ముగింపుకు వస్తాను. డోర్ట్‌మున్ట్ టాట్‌ఓర్ట్‌లో పేటర్ ఫాబర్ అనే అధికారి, యోర్గ్ హార్ట్‌మాన్ వేసిన పాత్ర. పక్కన మార్టీనా బ్యోనిష్, నటి ఆనా షూట్. 2022 ఫిబ్రవరి 20న వచ్చిన కథలో బ్యోనిష్ తూటా తగిలి చనిపోతుంది. తర్వాతి కథ 2023 జనవరిలో వచ్చింది. రచనలో హార్ట్‌మాన్ కూడా చెయ్యివేశాడు. అందులో ఫాబర్ ఇంకా కోలుకోలేదు. అతనికి పని చేతకావడంలేదు. సుమారు ఏడాది తర్వాత కూడా చేతకావడంలేదని టీవీ ఒప్పుకుంది. షిమాన్‌స్కీ దుఃఖాన్ని పనిగా మార్చాడు, సెమీర్ దుఃఖానికి గంట దొరికింది, ఫాబర్‌కు మాత్రం ఊరికే బాధపడే వ్యవధి దొరికింది. ముగ్గురిలో నా గుండెకు దగ్గరివాడు షిమాన్‌స్కీయే అయినా, సరైన దారి ఫాబర్‌కు ఇచ్చినదే.

ఇప్పుడు మన సంగతి. ఈ దేశంలో తెలుగువాడు ఒకడు హఠాత్తుగా పోతే తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటారు. ఇక్కడ ఆస్పత్రికి పరుగెత్తేది పక్క సీటువాడు. పౌర నమోదు కార్యాలయంలో మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు రద్దు, కాన్సులేటు అనుమతి, శవాన్ని విమానంలో పంపడానికి ఎంబామింగ్ కాగితాలు, శవపేటిక, కార్గో బుకింగు. మధ్యలో ఊరినుంచి ఫోన్లు. ‘బాబూ, మా వాడి ముఖం ఒక్కసారి చూపించయ్యా’ అని తల్లి అడుగుతుంది. ఆ వీడియోకాల్ పట్టుకుని నిలబడేది కూడా అతనే. శుక్రవారం రాత్రి విమానం ఎక్కించి, సోమవారం పొద్దున తొమ్మిదింటికి స్టాండప్ మీటింగులో కూర్చుంటాడు. పక్క సీటు ఖాళీ. ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానంటాడు.

ఈ గదిలో ఉన్న మేనేజర్లకూ, సంఘాల పెద్దలకూ నేను చేతులు జోడించి అడిగేది ఇదే. అతనికి ఏ ఒప్పందంలోనూ రాసిలేని ఆ రెండు రోజుల సెలవు మీరిప్పించండి. పోయినవాడి కుటుంబానికి చందాలు పోగుచేసినప్పుడు, కాగితాలు మోసినవాడి ఇంటికి కూడా ఒకసారి వెళ్లి కూర్చోండి. వచ్చే ఏడాది ఈ వేదిక మీద నాలాంటివాడి బదులు, మన మిత్రుడి పక్క కుర్చీలో పనిచేసిన మనిషితోనే మాట్లాడించండి.