కప్పు క్రింది బజారు

మన దేశమున బజారనగా వీథి; వీథి యనగా అందరిది. సరకు కొనవచ్చినవాడును, గుడికి పోవువాడును, పనిలేక అరుగుమీద కూర్చుండి దారిన పోవువారిని చూచువాడును ఆ వీథిలోనే కలియుదురు. ఆ వీథినంతను నాలుగు గోడల లోపలికి తెచ్చి, పైన కప్పు వేసి, లోపల ఏడాది పొడుగునను ఒక్కటే ఋతువు ఉండునట్లు చేసిన కట్టడమునకు నేడు మాల్ అని పేరు. హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ నగరములలో ఈ మాట తెలియని బాలుడు లేడు. అయితే దీనిని మొట్టమొదట రూపొందించినవాడు ఎవడు, ఏమి కోరి రూపొందించెను, తుదకు దానినిగూర్చి ఏమి తలచెను అను సంగతులు పలువురు ఎరుగరు. ఆ కథను శ్రోతలకు మనవి చేయుట నేటి నా ప్రసంగోద్దేశము.

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తరపు సరిహద్దున మినెసోటా రాష్ట్రము కలదు. అందు మినియాపొలిస్ పెద్ద నగరము. ఆ నగరపు శివారున ఈడైనా అను ఊరు. 1956వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన అచ్చట సౌత్‌డేల్ సెంటరు తెరువబడెను. కప్పుగల అంగడివీథులు అంతకుముందు లోకమున లేకపోలేదు. ఇటలీలోని మిలాను నగరమున అట్టిది పందొమ్మిదవ శతాబ్దమునుండియు ఉన్నది. కాని అది నగరపు నడిబొడ్డున, తక్కిన వీథులతో కలిసిపోయిన మరియొక వీథి. సౌత్‌డేలన్ననో ఊరి వెలుపల, కార్లలో వచ్చువారి కొరకు, ఒక ప్రాంతమంతటికిని చాలునట్లు కట్టబడినది. అన్ని వైపుల మూసి, లోపలి శీతోష్ణములను యంత్రములచే అదుపుచేసిన ఇట్టి ప్రాంతీయ విపణులలో అదియే మొదటిది.

దీనికి రూపకల్పన చేసినవాడు విక్టర్ గ్రూయెన్. ఇతడు 1903లో ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో యూదు కుటుంబమున జన్మించెను. వాస్తుశిల్పము అభ్యసించెను; చిన్న నాటకశాలలలో హాస్య ప్రదర్శనములందును పాల్గొనుచుండెను. 1938లో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమింపగా దేశము విడిచి న్యూయార్కు చేరెను. అప్పటికి అతని చేతిలో ఎనిమిది డాలర్లు మాత్రమే ఉండెనని చెప్పుదురు. చేత ధనము లేకున్నను వియన్నా వీథులు అతని మనస్సున నిలిచియుండెను. చెట్ల నీడన నడచువారు, కాఫీ దుకాణములలో గంటలకొలది మాటలాడువారు, బల్లలపై కూర్చుండి పోవువారిని చూచువారు: నగర జీవనమనగా అతనికి ఇదియే. యుద్ధానంతరము అమెరికాలో శివార్లు పెరిగెను. కారెక్కనిదే అచ్చట ఏ పనియు సాగదు. దారి పొడుగున దుకాణములును ప్రకటన పలకలును తప్ప మనుష్యులు కలియుటకు తావు లేదు. ఈ కొరతను అంగడిచేతనే తీర్పవచ్చునని గ్రూయెన్ నమ్మెను.

అవకాశము మినియాపొలిస్ నుండి వచ్చెను. ఆ నగరమున డేటన్ సోదరులకు గొప్ప వస్తువిక్రయశాల యుండెను. కొనువారు శివార్లకు తరలుచుండుట వారు గమనించిరి. శీతకాలమున మంచును, వేసవిని ఉక్కయును కలిగిన ఆ సీమలో సుఖముగ బజారు తిరుగదగిన దినములు ఏడాదికి 126 మాత్రమేయని లెక్క తేల్చిరి. ఆ లెక్కను చూచి గ్రూయెన్ కప్పు వేయుదమనెను. నగరమున డేటనుకు ప్రతికక్షియైన డోనాల్డ్‌సన్ విక్రయశాలయును ఈ కప్పు క్రిందికే వచ్చెను. పోటీదారులిద్దరు ఒక్క ముంగిట నిలుచుట అప్పటికి వింతయే.

కట్టడమునకు రెండు కోట్ల డాలర్లు వ్యయమయ్యెను. అందు 72 దుకాణములు. వెలుపల 5,200 కార్లు నిలుచుటకు చోటు. రెండు అంతస్తులు, వాని నడుమ కదలెడి మెట్లు. వెలుపలి గోడలకు ప్రదర్శన కిటికీలు లేవు. దుకాణములన్నియు మొగము లోపలికి త్రిప్పుకొన్నవి. నడుమ విశాలమైన తోట, చేపల కొలను, కాఫీశాల, హారీ బెర్టోయా మలచిన లోహవృక్షములు, 21 అడుగుల ఎత్తైన పక్షుల పంజరము. వెలుపల మంచు కురిసినను లోపల వేడిమి సుమారు 75 ఫారన్‌హీటు అంశలు. తొలిదినమున 75,000 మంది జనము వచ్చిరి. పత్రికలు వేనోళ్ల కొనియాడెను.

కాని గ్రూయెన్ తలపోసినది ఈ బజారు మాత్రమే కాదు. ఇచ్చటి స్థలము 463 ఎకరములు. బజారు చుట్టును ఇండ్లు, బడులు, వైద్యశాల, ఉద్యానము, సరస్సు వెలసి, జనులు వానినడుమ కాలినడకన తిరుగు ఒక క్రొత్త ఊరు ఏర్పడవలెనని అతడు పథకము గీచెను. బజారు ఆ ఊరికి గుండెకాయ. బజారు లేచెను. దానివలన చుట్టుపట్ల భూములకు గిరాకి హెచ్చెను. కాలక్రమమున ఇండ్లును, వైద్యశాలయు వచ్చెను. అయితే అవి ఒకదానితో నొకటి అతుకలేదు. నడుమ కార్ల మైదానము సముద్రమువలె పరచుకొనెను. గుండె యున్నది, దానిని అంటిపెట్టుకొన్న దేహము మాత్రము లేదు.

ప్రఖ్యాత వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ప్రారంభమైన కొలదికాలమునకే ఆ తోటను చూచి, పల్లెవీథిలోని చెడుగంతయు ఇందున్నది గాని దాని సొగసు లేదను భావమున నిందించెను. నిందను వర్తకులు లెక్కింపలేదు. లెక్కింపకుండుటకు మరియొక కారణము కలదు. 1954లో అమెరికా పన్నుల చట్టము మారి, క్రొత్త వ్యాపార భవనముల తరుగుదలను తొలి యేండ్లలోనే హెచ్చుగ లెక్కకట్టి ఆదాయమునుండి మినహాయించుకొనుటకు అనుమతి కలిగెను. పాత నగరమున ఉన్నదానిని నిలుపుకొనుటకంటె శివారున క్రొత్తది కట్టుటయే లాభకరమయ్యెను. దేశమంతట మాలులు పుట్టగొడుగులవలె లేచెను. పాత నగరముల నడివీథులు వెలవెలబోయెను.

గ్రూయెన్ 1968లో వియన్నాకు మరలిపోయెను. 1976లో ఆ నగరపు పొలిమేరననే ఒక మహావిపణి వెలసి, అతడు ప్రేమించిన వీథుల చిన్న దుకాణములకు ముప్పు తెచ్చెను. 1978లో లండను నగరమున ఉపన్యసించుచు, తన భావమును వికృతముచేసిన ఈ కట్టడములకు తాను తండ్రిని కానని అతడు తేల్చి చెప్పెను. 1980లో మరణించెను.

సౌత్‌డేలు నేటికిని నడచుచున్నది. 1992లో దానికి సమీపమున బ్లూమింగ్టను ఊర మాల్ ఆఫ్ అమెరికా అను బ్రహ్మాండమైన విపణి లేచి దాని ప్రాభవమును తగ్గించెను. ఒక పెద్ద దుకాణము మూతపడగా ఆ తావున 2019లో వ్యాయామశాల తెరువబడెను. కార్ల మైదానమున కొంతభాగము నివాసభవనములకు ఇయ్యబడినది. గ్రూయెన్ కోరిన ఇండ్లు ఇన్నేండ్లకు ఆ బజారు గడపకు వచ్చినవి.

వర్తకులను దూషించుటకు నేనీ కథ చెప్పలేదు. చలిలో వణకు తల్లికిని బిడ్డకును వెచ్చని ముంగిలి ఇచ్చుట మంచిపనియే. మండుటెండలో మన నగరములందును అట్టి నీడ కోరదగినదే. కాని వీథికి యజమాని లేడు, మాలునకు కలడు. అందలి బల్లయు చెట్టును అతని లెక్కకు సరిపడినంత కాలమే నిలుచును. కావున మన యూళ్లలో ఇట్టి కట్టడములకు అనుమతి నిచ్చువారు రెండు ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. కారు లేనివాడు ఇచ్చటికి ఎట్లు నడచివచ్చును? ఏమియు కొననివాడు ఇచ్చట ఎక్కడ కూర్చుండును? ఈ రెంటికిని పటము గీయునాడే జవాబు వ్రాయించుకొనవలెను. గోడలు లేచిన పిమ్మట అడిగి ప్రయోజనము లేదని సౌత్‌డేలు కథయే చెప్పుచున్నది.