వెనక్కి తిప్పే మీట
(ఉపకార వేతనాల ప్రదానోత్సవంలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



1997లో నేనూ ఇలాంటి సభలోనే, మీలాగే వరుసలో నిలబడి చెక్కు అందుకున్నాను. ఇప్పుడు పుణెలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుగా పని చేస్తున్నాను. చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. నేను వీడియో గేమ్‌తో మొదలుపెడుతున్నందుకు పెద్దలు క్షమించాలి.

మాది షోలాపూర్. నాయన పవర్‌లూమ్‌ మీద చద్దర్లు నేసేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. మా గల్లీ చివర ఒక దుకాణంలో టీవీకి తగిలించిన వీడియో గేమ్ ఉండేది. గంటకు ఐదు రూపాయలు. అందులో నేను ఆడింది మారియో. మూడు ప్రాణాలు ఇస్తారు. మూడూ పోతే మళ్ళీ మొదటి నుంచి రావాలి. ఎంత దూరం వెళ్ళామన్నది లెక్కలోకి రాదు.

మొన్న సెలవుల్లో మా తమ్ముడు సింగపూర్ నుంచి మా అబ్బాయికి నింటెండో స్విచ్ తెచ్చాడు. వాడు ఎనిమిదో తరగతి. దానిలో చందా కడితే పాత ఆటలు కూడా వస్తాయి. తెరిచి చూస్తే అదే మారియో! 1985లో వచ్చిన ఆట, 2017లో వచ్చిన యంత్రం మీద ఎలా నడుస్తోంది? సైన్సు విద్యార్థులు ఇది తెలుసుకోవాలి.

పాత యంత్రంలో పని చేసే మెమరీ కేవలం 2 కిలోబైట్లు. మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. జాగా చాలక ఆకాశంలో మబ్బుకూ నేల మీద పొదకూ ఒకే బొమ్మ వాడారు, రంగు మాత్రం మార్చారు. మీ ఇంట్లో ఎవరైనా ఆడుతుంటే గమనించండి. స్విచ్‌లో మెమరీ 4 గిగాబైట్లు, అంటే 20 లక్షల రెట్లకు పైగా ఎక్కువ. అయినా పాత ఆట దాని మీద నేరుగా నడవదు, ఎందుకంటే రెండు యంత్రాల భాష వేరు. మధ్యలో ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. పాత చిప్‌కు రాసిన ఒక్కొక్క ఆదేశాన్నీ చదివి, ఆ చిప్ ఏం చేసేదో అదే చేసి చూపిస్తుంది. మన ఇళ్ళలో మరాఠీలో వచ్చిన నోటీసును చదివి అవ్వకు తెలుగులో చెప్పే మనవడి లాంటిదే అది.

ఈ కొత్త ఏర్పాటులో మా కాలంలో లేని సౌకర్యం ఒకటి ఉంది. ఆటను వెనక్కి తిప్పవచ్చు. పాత యంత్రం చిన్నది కనుక, ఏ క్షణంలో దాని పరిస్థితి ఏమిటో మొత్తం కొద్దిపాటి జాగాలో రాసిపెట్టవచ్చు. ఎమ్యులేటర్ అలా ఎప్పటికప్పుడు నకళ్ళు దాచుకుంటూ పోతుంది. గోతిలో పడితే పడకముందరి నకలు తీసి మళ్ళీ అక్కడి నుంచి ఆడిస్తుంది.

మా వాడు ఒక గోయి దగ్గర ఇరవై సార్లు పడ్డాడు, ఇరవై సార్లు వెనక్కి తిప్పాడు. చివరికి ఎలాగో దాటి, "నాన్నా, గెలిచాను" అన్నాడు. "వెనక్కి తిప్పకుండా ఒకసారి దాటు" అన్నాను. అదే గోతిలో పడ్డాడు. ఇరవై సార్లు తిప్పినా ఎక్కడ పొరపాటు జరుగుతోందో ఒక్కసారి కూడా చూడలేదు.

అప్పుడిద్దరం కూర్చుని వెనక్కి తిప్పి, నిదానంగా చూశాం. వాడు నొక్కాల్సిన చోటే నొక్కుతున్నాడు, కానీ మారియో ఆలస్యంగా ఎగురుతున్నాడు. కారణం మా టీవీ! ఇప్పటి టీవీలు బొమ్మకు మెరుగులు దిద్ది చూపించడానికి కొంత సమయం తీసుకుంటాయి. పాత గాజు గొట్టం టీవీల్లో ఆ ఆలస్యం ఉండేది కాదు. టీవీ సెట్టింగుల్లో 'గేమ్ మోడ్' పెట్టాను. సగం ఇబ్బంది తీరింది. మిగతా సగం వాడిదే, పరుగు అందుకోకుండా ఎగురుతున్నాడు. అది సరిదిద్దుకున్నాక మీట ముట్టకుండానే దాటాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలకు మార్కులు తగ్గితే వెంటనే "నీకు శ్రద్ధ లేదు" అనకండి. తప్పులో సగం టీవీది కావచ్చు. అంటే కళ్ళద్దాలు కావలసి ఉండవచ్చు, ఇంట్లో మాట్లాడే భాషకూ బడిలో చెప్పే భాషకూ మధ్య వాడు నలుగుతుండవచ్చు. ముందు పక్కన కూర్చుని చూడండి.

విద్యార్థులకు ఒక మాట. దిద్దిన పేపరు చేతికి రాగానే మార్కులు చూసి మడిచి పెట్టేస్తాం. నిజానికి మీకున్న వెనక్కి తిప్పే మీట అదే. ఏ లెక్కలో ఏ మెట్టు దగ్గర తప్పామో చూస్తేనే అది పనికొస్తుంది. చూడకుండా ఎన్ని మోడల్ పేపర్లు రాసినా మా వాడి ఇరవై సార్ల వంటిదే. ఈ రోజు అందుకున్న డబ్బుతో మాత్రం గేమ్‌లు కొనకండి. ఈ మాట చెప్పడానికి నాకు ఒక కారణం ఉంది.

1995లో నేను పదో తరగతి. పరీక్ష ఫారం ఫీజు అని అమ్మ డబ్బులిచ్చింది. నేను వాటిని నాలుగు రోజుల్లో ఆ దుకాణంలో పోగొట్టాను. "ఫీజు కట్టినవారా?" అంటే, డబ్బులు దారిలో పడిపోయాయని చెప్పాను. అమ్మ ఏమీ అడగలేదు. కార్ఖానాలో అడ్వాన్సు తీసుకుని, జరిమానాతో సహా మళ్ళీ కట్టింది. ఆ నెలంతా నేను పడుకున్నాక కూడా కత్తెరతో ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపించేది.

ఆ రోజుల్ని వెనక్కి తిప్పే మీట నా దగ్గర లేదు. ఎక్కడ తప్పానో ఒప్పుకోవడం మాత్రం నా చేతిలో ఉంది. అమ్మ ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుగా చెప్పని మాట ఈ రోజు మీ అందరి ముందూ చెబుతున్నాను. అమ్మా, డబ్బులు దారిలో పడలేదు.

ఆమె ఏమంటుందో ఇంటికి వెళ్ళాక తెలుస్తుంది.