లారీ ఇంజను, కారు ఇంజను: నాడును నేడును

అనంతపురము సీమలోని పల్లెలకు ఇంజనుతో చుట్టరికము రోడ్డుమీదకంటె బావిగట్టుననే గాఢముగ కుదిరినది. అంతకుముందు కపిల యుండెడిది. రెండెడ్లు వాలుబాటను దిగుచు పెద్ద తోలుసంచితో నీరు తోడెడివి. తరువాత ఆయిలింజను వచ్చినది. 1946 లో పూనాలో స్థాపితమైన కిర్లోస్కరు ఆయిలింజన్ల కంపెనీ యంత్రములు, లిస్టరు మాదిరి యంత్రములు పొలములలో టకటక మనుచుండగా, "అయిదు హార్సుపవరు" అను మాట అక్షరము రాని రైతు నోటగూడ పలికినది. మాట పలికినది గాని, దాని యర్థమును గూర్చి నేటికిని తికమక కలదు. లారీ గొప్పదా, పందెపుకారు గొప్పదా, పాత ఇంజను మంచిదా, క్రొత్తది మంచిదా యని టీకొట్టు బల్లలమీద జరుగు వాదములలో పెక్కు ఆ తికమకనుండి పుట్టినవే. శ్రోతలారా, దానిని కొంత విడదీసి చూతము.

కపిల లాగు ఎద్దును, జట్కాబండి గుఱ్ఱమును తలచుకొనుడు. ఎద్దు మెల్లగ నడచుచు పెద్ద బరువు లాగును. గుఱ్ఱము తేలిక బండిని వేగముగ లాగును. గంటలో రెండును చేసిన పని యొక్కటే కావచ్చును. హార్సుపవరనగా లాగుబలమును వేగముచే హెచ్చించిన లెక్క. కావున ఒకే హార్సుపవరు రెండు విధముల పుట్టవచ్చును. లాగుబలము ఎక్కువయై తిరుగుడు తక్కువ కావచ్చును. లాగుబలము తక్కువయై తిరుగుడు ఎక్కువ కావచ్చును. ఈ లాగుబలమునే ఇంజనీర్లు టార్కు అందురు. ఇరుసునకు మీటరు పొడవుగల గడ బిగించి, దాని చివర ఎన్ని కిలోల బరువు వ్రేలాడదీసినచో ఆ త్రిప్పుడు నిలుచునో, అదియే టార్కు.

అమెరికాలో 1960 దశకమున కండబలపు కార్లు కొన్ని బయలుదేరినవి. వానిని అచ్చట మజిల్ కార్లనిరి. 1964 లో పాంటియాక్ జి.టి.ఓ., ఫోర్డు మస్టాంగు వచ్చినవి. మధ్యరకపు కారులో పెద్ద ఇంజను కూర్చుటయే వాని రహస్యము. 1966 లో వీథికారులలోనికి వచ్చిన క్రిస్లరు వారి హెమీ ఇంజను ఏడు లీటర్లది, ఎనిమిది సిలిండర్లది. నిమిషమునకు 5000 చుట్లు తిరుగునప్పుడు 425 హార్సుపవరని ప్రకటించిరి. గడలెక్కలో చెప్పినచో దాని లాగుబలము సుమారు 68 కిలోలు. అదియు 4000 చుట్ల యొద్ద. ఆ నాటి కొలతలో ఫ్యాను, సైలెన్సరు వంటి భారములను తొలగించి ఇంజనును పరీక్షించెడివారు. 1972 నాటికి అన్నింటిని బిగించి కొలుచు పద్ధతి రాగా, కాగితముమీది గుఱ్ఱములు చాలవఱకు తగ్గిపోయినవి. 1973 నాటి చమురుకరవు, పొగచట్టములు, భీమారుసుములు కలిసి ఆ కార్ల యుగమును ముగించినవి.

అదే కాలమున మన రోడ్లపై తిరిగిన లారీని చూడుడు. యుద్ధకాలమున పెట్రోలు దొరకక బొగ్గుగ్యాసుతో బస్సులు నడిచినవి. పెద్దలు చెప్పగా వింటిమి. 1954 లో టాటావారు జర్మనీదేశపు బెంజి కంపెనీతో కలిసి డీజిలు లారీలు చేయ మొదలిడిరి. ఆ పొత్తు 1969 వఱకు సాగినది. మదరాసు చెంత ఎన్నూరులో అశోక్ లేలండు వారు కామెట్ లారీలను చేసిరి. నాటి టాటా-బెంజి ఇంజను నాలుగున్నర లీటర్లకు కొంచెము మించినది, ఆఱు సిలిండర్లది. బలము సుమారు 90 హార్సుపవరు. హెమీలో నాల్గవవంతు కూడ లేదు. ఐనను వేరుసెనగ బస్తాలతో గుత్తిరోడ్డు పట్టి అది రేయింబవళ్లు నడిచినది. గేర్లు దాని లాగుబలమును పెంచెడివి. వేగమును మాత్రము తగ్గించెడివి. ఎద్దు పద్ధతియే!

ఇప్పుడొక వింత లెక్క. పెనుకొండ మండలము, ఎఱ్ఱమంచి యొద్ద కియా కంపెనీ కార్ల కర్మాగారము 2019 లో ఉత్పత్తి ప్రారంభించినది. అప్పటికది అనంతపురము జిల్లా. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా. అచ్చట తయారైన కార్లలో నొక రకమునకు ఒకటిన్నర లీటరు డీజిలు ఇంజను కలదు. దాని బలము ఇంచుమించు 115 హార్సుపవరు. లాగుబలము 250 న్యూటను మీటర్లు, అనగా గడచివర పాతిక కిలోలు. పాత టాటా-బెంజి 2800 చుట్ల యొద్ద 90 హార్సుపవరు ఇచ్చుచుండగా లెక్కకు వచ్చు లాగుబలము 23 కిలోలే. ఇంజను మూడవవంతు, బలము అంతకు మించినది! కావున ఆ చిన్న ఇంజనును తీసి లారీకి బిగించరాదా?

బిగించరాదు. కారు సమతల రోడ్డుపై సాగునప్పుడు దాని బలములో నాలుగవవంతు చాలును. నిండుబలము కావలసినది దాటిపోవునపుడు, ఎత్తెక్కునపుడు కొన్ని నిమిషములు మాత్రమే. లోడులారీకి నిండుబలము గంటలతరబడి కావలెను. బలము పుట్టినచోటెల్ల వేడి పుట్టును. ఆ వేడిని మోయుటకు మందపు లోహము, వెడల్పు బేరింగులు, పెద్ద రేడియేటరు, ఎక్కువ ఆయిలు వలయును. పాత లారీ ఇంజను బరువు వ్యర్థమైన బరువు కాదు; అది ఓర్పు. నేటి పెద్దలారీల ఇంజను ఒకదానిని చూడుడు: 6.7 లీటర్లు, 300 హార్సుపవరు, 1100 న్యూటను మీటర్లు. గడచివర 112 కిలోలు! ఇదియు నిమిషమునకు పన్నెండువందల చుట్ల ప్రాంతముననే. హెమీకంటె హార్సుపవరు తక్కువ, లాగుబలము ఎంతయో ఎక్కువ.

ఈ వేడి సంగతిని మేము పుస్తకమున చదువకముందే కన్నులార చూచితిమి. 2002 లో వానలు మొగము చాటేసిన తరువాతి వేసవి. కళ్యాణదుర్గము వైపు ఒక పల్లెకు నీరు తీసికొనిపోవు ట్యాంకరు లారీలో మేమును ఎక్కితిమి. లారీ పాతది, నీరు అయిదువేల లీటర్లు. ఊరి ముందరి ఎత్తున రేడియేటరు కుతకుత నుడికి, ఆవిరి చిమ్మి, బండి నిలిచినది. పల్లెస్త్రీలు బిందెలతో ఎదురువచ్చిరి. డ్రైవరు తలగుడ్డతో చెమట తుడుచుకొని, ముందు నిలిచిన ముసలమ్మతో, "అవ్వా, మీ నీళ్లల్లో రెండు బిందెలు ఇంజనుకు పోయాల, ఏమనుకోవద్దు" అనెను. ఆ యవ్వ వట్టిబిందెను వానికే అందించి, "పోసుకో నాయనా, బండి కదలకుంటే మాకు నీళ్లు యాడ నుంచి వస్తాయి?" అనెను. ఇంజను చల్లారువఱకు అందఱును నిలిచిరి. ఒక్కరును తొందరపెట్టలేదు. ఆ రెండు బిందెలు రెండిండ్లవారి త్రాగునీరు. ఇంజనును హార్సుపవరుతో కొలుచుట మాత్రమే చాలదని మాకు తోచినది ఆ నాడే.

మరి క్రొత్త ఇంజను నిర్దోషమా? దాని గుణములు గొప్పవి. 1600 బార్లకు మించిన ఒత్తిడితో డీజిలును మంచుతుంపరవలె చిమ్మును. అదే లీటరుతో ఎక్కువ పని చేయును. 2020 ఏప్రిలు నుండి దేశమందు అమలైన భారత్ స్టేజి ఆఱు నియమములవలన డీజిలులో గంధకము పదిలక్షలకు పది పాళ్లకు తగ్గినది. పాతలారీ వెనుక నడచినవారికి ఆ పొగయు, ఈ పొగయు చెప్పక తెలియును.

కాని పాత ఇంజను ఆగినచో దారిప్రక్క మెకానిక్కు చెవియొగ్గి వినును, నోజిలు విప్పును, అది ఆయిలు త్రాగుచున్నచో బోరు చేయించి లైనరు మార్చును. క్రొత్తది ఆగినచో ముందు కంప్యూటరు తగిలించవలెను. మేమెఱిగిన యొక యజమాని లారీ చీనీకాయలతో ఉత్తరాదికి బయలుదేరి, పొగగొట్టమునందలి యొక చిన్న సెన్సారు చెడి, ఇంజను బలము తానై తగ్గించుకొనగా, మూడు దినములు రోడ్డుప్రక్కన నిలిచినది. ఇంజను చెడలేదు, కాయలు చెడినవి. ఆ నెల అప్పుకిస్తు నిలిచినది.

ఇంకొక హెచ్చరిక. ఈ లారీలకు పొగశుద్ధికై యూరియాద్రావకము పోయుదురు. చేనికి చల్లు యూరియాను బోరునీటిలో కరగించి పోసినచో చవుకయని కొందఱి యూహ. మన బోరునీటిలోని లవణములు ఆ సున్నితపు యంత్రమున గడ్డకట్టి, వేలరూపాయల ఆశ లక్షరూపాయల నష్టమగును.

కావున పాతదా, క్రొత్తదా యని పంతము పట్టుట తగదు. పరుగునకు పరుగు ఇంజను, బరువునకు బరువు ఇంజను. లారీ కొనువారు హార్సుపవరెంతయని అడుగుట మానవలదు. కాని మరి మూడు ప్రశ్నలు కూడ అడుగవలెను. లాగుబలమెంత, అది ఎన్ని చుట్ల యొద్ద వచ్చును? మే నెల ఎండలో, నిండులోడుతో, ఎంతసేపు ఎత్తెక్కగలదు? చెడినచో బాగుచేయు చేయి ఎంత దూరమున నున్నది? మూడవ ప్రశ్నకు కంపెనీ మాత్రమే జవాబు చెప్పజాలదు. పాత ఇంజనును చెవితో విన్న మెకానిక్కుల బిడ్డలకు క్రొత్త ఇంజనును కంప్యూటరుతో చదువుట మన ఐ.టి.ఐ.లలో నేర్పిన నాడే ఆ దూరము తగ్గును. ఎత్తుమీద నిలిచిన బండికొఱకు బిందెలతో ఎదురుచూచువారికి కావలసినది అదియే.