పాడిన గొంతులకు పేర్లేవి?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సారా వ్యతిరేకోద్యమం అనగానే దూబగుంట రోసమ్మ గుర్తొస్తుంది. ఆ ఉద్యమానికి ముందు నడిచిన పాటను మాత్రం మర్చిపోతాం. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం కోసం కళాజాతా దళాలు ఊరూరా తిరిగాయి. తెలిసిన జానపద బాణీలు, కొత్త మాటలు. వీధిలో విన్న పాటా, రాత్రి బడిలో చదివిన 'సీతమ్మ కథ' కలిసి సారా కొట్టును నిలదీసే ధైర్యమయ్యాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 నాటి సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు.

చట్టం సడలిపోయింది. పాటైనా మిగిలిందా అని ఉదయగిరి, ఆత్మకూరు ఊళ్ళలో వెతికాను. ఆత్మకూరులో ఒక పాత క్యాసెట్టు దొరికింది. అట్ట మీద పాట రాసినాయన పేరుంది, పాడిన ఆడవాళ్ళ పేర్లు లేవు. ఉదయగిరి దగ్గర ఒక పెద్దామె అది విని, "ఆ రెండో గొంతు నాదేనమ్మా. పేరెవరడిగారు?" అంది.

నేనూ తక్కువ తినలేదు. నా సిద్ధాంత గ్రంథంలో ఆ పాటలన్నిటినీ 'ఉద్యమ గీతాలు' అని రాసి సరిపెట్టాను.

ఆ గొంతులు ముసలివవుతున్నాయి. ఇకనుంచి పాట రికార్డు చేసే ముందు అనుమతి అడుగుదాం, పేరు రాద్దాం, ఒక కాపీ ఆమె చేతికిద్దాం. పేరు కూడా హక్కే.